పాత నాణెంపై కొత్త ముద్ర: రోమన్ నాణేల కథ

రోమన్ సామ్రాజ్యంలో గ్రీకు భాష వ్యవహారంలో ఉన్న తూర్పు రాష్ట్రాల్లో, నిత్యావసరాల చిల్లర కోసం వందలాది పట్టణాలు సొంత కంచు నాణేలను వేసుకునేవి. వాటిలో కొన్నిటిపై అసలు బొమ్మతో సంబంధం లేని చిన్న గుంట కనిపిస్తుంది. ఆ గుంటలో ఒక అక్షరమో, తలబొమ్మో, జంతువో ఉంటుంది. దీనిని మారుముద్ర అనవచ్చు.

నాణేన్ని కరిగించకుండానే, దానిపై చిన్న ముద్రికను నిలిపి సుత్తితో కొట్టేవారు. ఆ దెబ్బకు రెండవ వైపు బొమ్మ చదునయ్యేది. కొత్త లోహం అక్కరలేదు, ఖర్చు స్వల్పం. ప్రజల చేతిలోని పాత నాణెం మాత్రం మళ్లీ చెల్లుబాటయ్యేది.

ఈ ముద్రలకు కారణాలు పలు విధాలు. మొదటిది రాజు మారడం. నీరో చక్రవర్తి క్రీ.శ. 68లో మరణించాడు. థ్రేస్ ప్రాంతంలో చలామణి అయిన అతని నాణేలు కొన్నిటిపై తరువాత వచ్చిన గల్బా పేరును గ్రీకు అక్షరాలలో కొట్టారు. గల్బా 69 జనవరిలో హతుడయ్యాడు. అతని పాలన సుమారు ఏడు నెలలే కనుక, ఆ ముద్ర కాలాన్ని అంత దగ్గరగా నిర్ణయించవచ్చు.

రెండవది సైన్యం. క్రీ.శ. 70లో జెరూసలేం పతనమైన తరువాత అక్కడ పదవ ఫ్రెటెన్సిస్ దళం విడిది చేసింది. బాగా అరిగిన నాణేలపై సైతం ఆ దళం పేరు పొడి అక్షరాలు, అడవిపంది, ఓడ గుర్తులు కనిపిస్తాయి.

మూడవది విలువ మార్పు. మూడవ శతాబ్దంలో రోమన్ వెండి నాణెంలో వెండి నానాటికీ తగ్గింది. పట్టణాలు తమ కంచు నాణేల విలువను సవరించుకోవలసి వచ్చింది. పాంఫీలియాలోని సిదేలో, హెచ్చు విలువ గుర్తు గల నాణేలపై ఐదును సూచించే గ్రీకు అక్షరాన్ని కొట్టారు.

రాజకోపం మరొక కారణం. క్రీ.శ. 211లో కరకల్లా తన తమ్ముడు గేటాను చంపించి, అతని రూపాన్ని ఎక్కడా మిగల్చరాదని ఆజ్ఞాపించాడు. కరియాలోని స్ట్రాటోనికేయాలో అన్నదమ్ములిద్దరి ముఖాలున్న నాణేలపై గేటా ముఖాన్ని గీకివేశారు. అలాంటి నాణేలపై మారుముద్రలూ ఉన్నాయి. ముఖం పోయినా నాణెం పోలేదు.

మన చరిత్రలోనూ ఇందుకు దగ్గరి ఉదాహరణ ఉంది. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో పదమూడు వేలకు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అవి క్షత్రప రాజు నహపానుడివి. వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేలపై శాతవాహన గౌతమీపుత్ర శాతకర్ణి తన చిహ్నాలను తిరిగి ముద్రించాడు. ఇది చిన్న గుంట కాదు, నాణెం నిండా పరచిన పునర్ముద్రణ. అయినా సారాంశం ఒక్కటే: ఓడినవాని ధనం గెలిచినవాని పేరున చెల్లింది.

పొలం దున్నేటప్పుడు పాత నాణెం దొరికితే చింతపండుతోనో ఇసుకతోనో తోమరాదు. ఆ చిన్న గుంటే చెరిగిపోతే నాణెం చెప్పగల సగం కథ పోతుంది. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం నిర్దేశిస్తున్నది.