గ్యాప్ అఫిడవిట్

“ఇంటర్ 2003ల పాసైనవ్. డిగ్రీ 2015ల పాసైనవ్. నడుమ గిన్నేండ్లు ఏం జేసినవమ్మా?”

యూనివర్సిటీ అడ్మిషన్ల కౌంటర్ల కూసున్నాయన అడిగిన మాట ఇది. నాకు ఎం.ఏ. చరిత్రల సీటొచ్చింది. కులం సర్టిఫికెట్ ఉన్నది, ఆదాయం సర్టిఫికెట్ ఉన్నది, మెమోలన్నీ ఉన్నయి. గ్యాప్ అఫిడవిట్ ఒక్కటి లేదు. స్టాంపు కాయితం మీద రాయించి, నోటరీ చేయించుకొని రమ్మన్నడు.

కోర్టు గేటు ముందర టైపు చేసేటాయన నన్ను ఏమీ అడగలేదు. అందరికీ ఒక్కటే రాస్తడట. ‘వ్యక్తిగత కారణాల వల్ల చదువు మధ్యలో ఆపితిని. ఆ కాలంలో వేరే ఏ విద్యాసంస్థలోనూ చేరలేదు. ఏ నేరంలోనూ పాల్గొనలేదు.’ నేను సంతకం పెట్టిన. సీటు ఖాయమైంది. కానీ ఆ మొదటి మాట మాత్రం ఇన్నేండ్లయినా నా గొంతుల అడ్డం పడే ఉన్నది. వ్యక్తిగత కారణాలు! మా ఇంట్ల చదువు ఆగిన కారణం ఒక్క మనిషిది కాదు, ఒక్క తరానిది కాదు. ఆ మూడు వాక్యాలల్ల పట్టని సంగతి ఇక్కడ రాస్తున్న.

మాది శంషాబాద్ మండలంల ఒక పల్లె, మాదిగవాడ. పాయిగా నవాబుల ‘శంసుల్ ఉమ్రా’ బిరుదు నుంచి శంషాబాద్ పేరు వచ్చిందంటరు. నవాబులు పోయినా ఊర్లల్ల పటేండ్లు ఉన్నరు, వాళ్ళ దొడ్లు ఉన్నయి, ఆ దొడ్లల్ల మావోళ్ళు ఉన్నరు. 1968ల మా మేనత్త పెండ్లికి తాత పటేలు కాడ మూడు వందలు తెచ్చిండు. రెవెన్యూ స్టాంపు అంటించిన ప్రోనోటు మీద యేలిముద్ర వేసిండు. నూటికి నెలకు మూడు రూపాల మిత్తి. అప్పు తీరేదాక కొడుకును జీతం పెట్టమన్నడు పటేలు. మా నాయినకు అప్పటికి పదేండ్లు. రెండో తరగతి పలక ఇంట్ల పెట్టి పసులెంట పోయిండు. జీతం గింజలు కల్లం కాడనే మిత్తికి పోయేటియి. అసలు అట్లనే ఉండేది. పండుగకు తెచ్చిన జొన్నలు, జరమొస్తే తెచ్చిన పైసలు దాని మీద ఎక్కేటియి.

ఇట్ల అప్పు కింద మనిషిని కుదువ పెట్టుకునే పద్ధతిని నిజాం రాజ్యంలో ‘భగేలా’ అన్నారు. దాన్ని కట్టడి చేసే చట్టం స్వాతంత్ర్యానికి ముందే హైదరాబాద్ సంస్థానంలో వచ్చింది. 1950లో రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1975 అక్టోబర్ 25న ఆర్డినెన్సు, 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చాయి. ఆ చట్టం రెండు పనులు చేసింది. వెట్టిలో ఉన్న మనిషిని విడిపించింది. ఆ వెట్టికి మూలమైన అప్పునే రద్దు చేసింది. రద్దయిన ఆ అప్పు కింద పైసా వసూలు చేసినా నేరమే, మూడేండ్ల దాకా జైలు ఉన్నది. ఈ దేశంలో పేదోడి అప్పును ఇంత తేటగా కొట్టేసిన చట్టాలు తక్కువ.

అయితే ఆ సంగతి మా వాడకు వచ్చేసరికి ఇంకో మూడేండ్లు పట్టింది. సంఘంల తిరిగే ఒక పిలగాడు చెప్పంగ విని నాయిన పటేలును అడిగిండట, “నా బాకీ సర్కారు కొట్టేసిందంట గద పటేలా?” “చట్టం ఢిల్లీల ఉన్నదిరా, నువ్వు నా దొడ్ల ఉన్నవ్” అన్నడట పటేలు. 1979ల నాయిన ఆ దొడ్డి దాటి వచ్చిండు. ప్రోనోటు మాత్రం తిరిగి ఇయ్యలేదు.

నాయిన చెప్పేటోడు: “సర్కారు నా అప్పు కొట్టేసింది బిడ్డా. నా పదకొండేండ్లు ఎవ్వలు తిరిగిచ్చిన్రు?” నాయిన చదువుల కూడా గ్యాప్ ఉన్నది. దానికి అఫిడవిట్ ఎవ్వలూ అడగలేదు. ఎందుకంటే ఆయన మల్ల బడి గడప తొక్కనేలేదు.

నేను 2003ల ఇంటర్ పాసై ఇంజనీరింగ్ కాలేజీల చేరిన. పట్నం చుట్టూ పొలాల నడుమ ప్రైవేటు కాలేజీలు లేచిన కాలమది. స్కాలర్షిప్పు వస్తదన్నరు, ఎప్పుడొస్తదో ఎవ్వలూ చెప్పలేదు. కాలేజీవాళ్ళు ముందు ఫీజు కట్టు, వచ్చినంక తీసుకో అన్నరు. అప్పుడు ఒక బ్యాంకుల చదువు లోను అడిగినం. 2001లో బ్యాంకుల సంఘం తయారుచేసిన నమూనా పథకం ప్రకారం నాలుగు లక్షల దాకా తాకట్టు అక్కరలేదు. తండ్రి సంతకం చాలు. చదువు అయిపోయిన ఏడాదికో, కొలువొచ్చిన ఆరు నెలలకో, ఏది ముందైతే అప్పటి నుంచి కట్టాలె. చదువు నడుమ ఆగితే ఎట్లనో మాకు ఎవ్వలూ చెప్పలేదు, మేమూ అడగలేదు. నాయిన వంకర అక్షరాలతోని సంతకం పెట్టిండు. యేలిముద్ర వెయ్యకుండ సంతకం పెట్టినందుకు ఆ దినం ఆయన ఎంత మురిసిండో! రెండు దఫాల్ల అరవై వేలు తీసుకున్నం.

2005ల నాయినకు కిడ్నీలు చెడిపోయినయి. ఎకరంన్నర లావణి పట్టా భూమి ఉండె. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మరాదు, కొనరాదు. కానీ ఎయిర్‌పోర్టు వస్తదన్న మాటకే శంషాబాద్ చుట్టూ భూమికి రెక్కలొచ్చినయి. వెంచర్లు వేసే ఒకాయన సాదా కాయితం మీద రాయించుకొని దవఖాన ఖర్చుకు సరిపోయేన్ని పైసలు చేతుల పెట్టిండు. భూమి పోయింది. రెండో ఏడాది ఫీజు బాకీ పడ్డది. నేను చదువు బందువెట్టిన. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ ఇయ్యమని కాలేజీకి పోతే, “బాకీ కట్టి తీస్కపో” అన్నడు క్లర్కు. వాళ్ళ బీరువల నా కాయితాలు ఎనిమిదేండ్లున్నయి.

మనిషిని కుదువ పెట్టుకోవద్దని 1976లో చట్టం చేసుకున్నాం. మనిషి చదువును కుదువ పెట్టుకునే అలవాటు మాత్రం ఆగలేదు. అసలు సర్టిఫికెట్లు ఆపి పెట్టుకోరాదని యూజీసీ 2018లో తేటతెల్లంగా చెప్పింది. ఇయ్యాల చదువుకునే చెల్లెండ్లూ తమ్ములూ ఇది యాది పెట్టుకోండ్రి. మాకు ఆ మాట చెప్పేటోళ్ళు లేకుండె.

శంషాబాద్‌ల విమానాశ్రయానికి 2005 మార్చిల శంకుస్థాపన అయింది. దాదాపు అయిదున్నర వేల ఎకరాలు. నేనూ అవ్వా మేస్త్రి ఎంట అక్కడ మట్టి పనికి పోయినం. ఇంజనీరింగ్ పుస్తకాలల్ల చదివిన కాంక్రీటును నెత్తి మీద తట్టల మోసిన. 2008 మార్చి 23న అక్కడి నుంచి విమానాలు ఎగిరినయి, బేగంపేట బంద్ అయింది. తర్వాత నేను అదే బిల్డింగుల ఒక కాంట్రాక్టరు కింద సాఫ్ చేసే పనిల కుదిరిన.

ఆ 2008ల ఇంకా రెండు సంగతులు జరిగినయి. ఫిబ్రవరి 29న బడ్జెట్‌ల కేంద్రం అరవై వేల కోట్ల రైతు రుణమాఫీ ప్రకటించింది. బ్యాంకుల పంట అప్పు ఉన్నోళ్ళకే అది. భూమి పాసుబుక్కు లేనోడికి బ్యాంకుల పంట అప్పే లేదు, ఇంక మాఫీ ఎక్కడిది? మా వాడల అప్పులన్నీ షావుకారి కాడ, చిట్టీల కాడ, మైక్రో గ్రూపుల కాడ ఉన్నయి. చదువు లోను ఆ మాఫీల లేనేలేదు. అదే విద్యా సంవత్సరంల రాష్ట్రంల ఫీజు రీయింబర్స్‌మెంటును పెద్దగ చేసిన్రు. అది కాలేజీల ఉన్నోళ్ళకు. నేను కాలేజీ బయట చీపురు పట్టుకొని ఉన్న. మరుసటేడు కేంద్రం చదువు లోన్ల మీద మిత్తి రాయితీ తెచ్చింది. అది 2009-10 నుంచి తీసుకునే లోన్లకు. నాది పాత లోను. ప్రతి పథకం నా పక్క పొంటే పోయింది, విమానం నీడ మా వాడ మీదికెళ్ళి పోయినట్టు.

2010ల బ్యాంకుకు పోతే ఒక సారు, “మీ ఖాతా రైటాఫ్ల పోయిందమ్మా” అన్నడు. ఇంటికొచ్చి చెప్పిన. “ఇంతకుముందు గూడ నా అప్పు సర్కారే కొట్టేసింది” అనుకుంట నాయిన వాడంతా చెప్పుకున్నడు. ఏడాది తిర్గకముందే మోటారు సైకిలు మీద రికవరీ మనిషి వచ్చిండు. నలుగురు చూస్తుండంగ నాయిన పేరు పెట్టి పిలిచిండు. మంచం మీదికెళ్ళి లేవలేని మనిషి రెండు చేతులు జోడించిండు. దొడ్డి దాటి వచ్చినంక ఆయన చేతులు జోడించంగ చూసుడు నాకు అదే మొదలు.

తర్వాత తెల్సుకున్న. రైటాఫ్ వేరు, మాఫీ వేరు. వసూలు కాని అప్పును బ్యాంకు తన లెక్కల పద్దుల నుంచి తీసేసుకుంటే అది రైటాఫ్. అది బ్యాంకు ఇంటి సంగతి. అప్పు తీసుకున్నోడి మెడల అప్పు అట్లనే ఉంటది, వసూలు నడుస్తనే ఉంటది. అప్పు ఇచ్చినోడు తన హక్కునే వదులుకుంటే అది మాఫీ. ఒక్క ఇంగ్లీషు మాట తెల్వకపోతే ఒక మనిషి పరువు నడివాడల పోతది. 2012ల అవ్వ కమ్మలు, నా చీపురు జీతం కలిపి ఒక్కసారి కట్టి సెటిల్మెంటు చేసుకున్నం. బాకీ లేదని కాయితం రాయించుకొని తెచ్చి నాయిన దిండు కింద పెట్టిన. మా తాత ప్రోనోటు తిరిగి రాలేదు గనుక, ఈ కాయితం నేను విడువలేదు.

ఆ ఏడే అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అర్హత పరీక్ష రాసిన. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, 1991లో బాబాసాహెబ్ పేరు పెట్టుకున్నదది. అప్పట్ల ఏ సర్టిఫికెట్ లేనోళ్ళు కూడ పరీక్ష రాసి డిగ్రీల చేరేటోళ్ళు. ఇంటర్ పాసైన నేను, నా మెమో బీరువల ఉన్నందుకు, ఇంటర్ లేనోళ్ళ పరీక్ష రాసిన. మెమోలు మరుసటేడు బాకీ కట్టి తెచ్చుకున్న. ఆదివారం క్లాసులల్ల నా పక్కన కండక్టర్లు, అంగన్‌వాడీ టీచర్లు, హోంగార్డులు. అందరం నడుమ ఆగినోళ్ళమే.

అక్కడనే బాబాసాహెబ్ జీవితాన్ని మొదటిసారి ఈ కండ్లతోని చదివిన. 1913లో ఆయన బరోడా సంస్థానంతో ఒప్పందం రాసి అమెరికా పోయాడు. చదివించినందుకు పదేండ్లు సంస్థానంలో కొలువు చేయాలె. 1917లో స్కాలర్షిప్పు గడువు అయిపోయి లండన్‌లో చదువు నడుమ ఆపి తిరిగి వచ్చాడు. మల్ల వచ్చి పూర్తి చేయడానికి లండన్ యూనివర్సిటీ నాలుగేండ్ల గడువిచ్చింది. బాండు ప్రకారం బరోడాలో కొలువుకు పోతే, ఆఫీసులో కాయితాలు దూరం నుంచి విసిరేశారు, తాగడానికి నీళ్ళియ్యలేదు. తలదాచుకున్న పార్శీ సత్రం నుంచి కట్టెలు పట్టుకొని వచ్చి వెళ్ళగొట్టారు. బాండు కొలువు చేయమన్నది, కులం చేయనియ్యలేదు. బొంబాయి సిడెన్హాం కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టిన పైసలు, కొల్హాపూర్ షాహూ మహరాజ్ సాయం, స్నేహితుడు నావల్ భతేనా దగ్గర తెచ్చిన అయిదు వేల అప్పు పట్టుకొని 1920లో మల్ల లండన్ పోయాడు. 1921లో ఎమ్మెస్సీ, 1923లో డీఎస్సీ.

అంటే ఆయన చదువులోనూ మూడేండ్ల గ్యాప్ ఉన్నది. ఆయన నెత్తినా చదువు అప్పు ఉన్నది. ఆయనది వ్యక్తిగత కారణమా?

అందుకే వైస్రాయి కౌన్సిల్‌లో సభ్యుడైనంక ఆయన మన పిల్లల చదువు కోసం కొట్లాడాడు. 1944 నుంచి దళిత విద్యార్థులకు మెట్రిక్ తర్వాతి స్కాలర్షిప్పులు మొదలైనయి. అది తిరిగి కట్టే సొమ్ము కాదు. బాండు మీద చదివినాయన మనకు బాండు లేని చదువు తెచ్చిండు. ఆ స్కాలర్షిప్పు ఆలస్యమైన ప్రతిసారీ, ముందు కట్టు తర్వాత తీసుకో అన్న ప్రతిసారీ, మనల్ని మల్ల బాండు కాడికి తోలుతున్నట్టే లెక్క.

నేను ఎం.ఏ. మొదటి ఏడాదిల ఉన్నప్పుడు, 2016 జనవరి 17న, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల రోహిత్ వేముల పోయిండు. ఆఖరి ఉత్తరంల ఆయన పైసల లెక్క కూడ రాసిండు. తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్పు, లక్షా డెబ్బై అయిదు వేలు, తన ఇంటికి అందేటట్టు చూడమన్నడు. అందుల నుంచి ఒక స్నేహితునికి తాను బాకీ ఉన్న నలభై వేల దాకా కట్టమన్నడు. ఆయనకు రావలసింది ఆగిపోయింది. ఆయన ఇయ్యవలసింది మాత్రం ఆయన మరువలేదు. ఆ రాత్రి హాస్టల్ల ఆ లెక్క చదివి మేమెవ్వలం నిద్రపోలేదు. అందరి ట్రంకు పెట్టెలల్ల అసొంటి లెక్క ఒకటి ఉన్నది.

2017ల ఎం.ఏ. పూర్తి చేసిన. నాయిన చూడలేదు, 2013లనే పోయిండు. ఆయన దిండు కింది కాయితం, నా గ్యాప్ అఫిడవిట్ నకలు ఒక్క కవర్లనే పెట్టుకున్న.

నడుమ చదువు ఆగినోళ్ళు నన్ను కలుస్తుంటరు. ఏ ముఖం పెట్టుకొని మల్ల పోవాలె అక్కా అంటరు. నేను చెప్పేది ఒక్కటే. లోను కాయితం పూర్తిగ చదివించుకోండ్రి. బాకీ కడితే బాకీ లేదన్న కాయితం తీసుకోండ్రి. సర్టిఫికెట్లు ఆపితే అడగండ్రి, రాసి అడగండ్రి. సార్వత్రిక యూనివర్సిటీ గేటు తెరిచి ఉన్నది, పోండ్రి. గ్యాప్ ఎందుకొచ్చిందని అడిగితే సిగ్గుపడకండ్రి. ఆ కాయితం మీద ఒక్క వాక్యం రాసే జాగ దొరికితే, వ్యక్తిగత కారణాలని మాత్రం రాయకండ్రి. అప్పు వల్ల అని రాయండ్రి. ఎవ్వలి అప్పు అని అడిగితే, మా తాత కాలం నుంచి చెప్పండ్రి.