పాడి పశువుల దశలను తెలిపే పదాలు

పెయ్య (ఆడ దూడ), పడ్డ (ఇంకా ఈనని ఎదిగిన దూడ), చూడి (కడుపుతో ఉన్నది), పాడి (పాలిచ్చేది), వట్టిపోయినది (పాలు ఆగినది) అంటూ పశువును దశను బట్టి పిలవడం తెలుగు నాట వాడుక. ఈ పేర్లలో చాలావరకు వయసు కంటే గర్భం, పాడి స్థితినే చెబుతాయి. మేత, వైద్యం, ధర తేలేది వాటిమీదే. ఆవు సుమారు 280 రోజులు, గేదె సుమారు 310 రోజులు చూడితో ఉంటాయి. చివరి రెండు నెలలు పాలు పితకడం ఆపి దాణా పెంచాలి. పొదుగు కోలుకునేదీ, కడుపులో దూడ వేగంగా ఎదిగేదీ అప్పుడే. పాలివ్వడం లేదు కదా అని వట్టిపోయిన చూడి గేదెకు మేత తగ్గించడం పెద్ద పొరపాటు. ఆ నష్టం తర్వాతి ఈత పాలలో తేలుతుంది.

పుట్టిన తేదీ రాసి ఉంటే చాలదా అని అడగవచ్చు. ఒకే ఈడు పడ్డల్లో ఒకటి చూడి కట్టి ఉండవచ్చు, ఇంకొకటి ఎదకే రాకపోవచ్చు. తేదీ ఆ తేడా చెప్పదు. పైగా గేదెల్లో మూగ ఎద ఎక్కువ. అరుపులు వినబడవు, మానం నుంచి జారే పలుచని జిగురు తీగే ముఖ్యమైన ఆనవాలు. అది చూసుకోకపోతే తర్వాతి ఎద కోసం సుమారు 21 రోజులు ఆగాల్సిందే. పదాలు ఊరికో తీరుగా ఉంటాయన్న అభ్యంతరం నిజమే: గేదె తెలంగాణలో బర్రె, రాయలసీమలో ఎనుము. కానీ ఏ పేరుతో పిలిచినా, కొనేవాడు చూడిదా, ఎన్నో ఈత అని అడగక తప్పదు.