హ్యుందాయ్ గెట్జ్: వుడ్‌ల్యాండ్స్‌లో పాత కారు కొనుగోలు

హ్యుందాయ్ గెట్జ్ 2002లో మార్కెట్లోకి వచ్చి, 2011లో ఉత్పత్తి ఆగిపోయిన చిన్న హ్యాచ్‌బ్యాక్ కారు. భారత్‌లో 2004 నుంచి అమ్మారు. చాలా దేశాల్లో దీని స్థానాన్ని ఐ20 తీసుకుంది.

సింగపూర్ ఉత్తర కొసన ఉన్న వుడ్‌ల్యాండ్స్‌లో పాత గెట్జ్ కొనేవారు ఇంజిన్ కంటే ముందు కాగితాలు చూడాలి. అక్కడ కారు నడపాలంటే సీఓఈ అనే పదేళ్ల హక్కుపత్రం ఉండాలి. ఈ పద్ధతి 1990లో మొదలైంది. ఇప్పుడు రోడ్డు మీదున్న గెట్జ్‌లన్నీ సీఓఈని పునరుద్ధరించుకున్నవే. పదేళ్లకు పునరుద్ధరించిన బండిని మళ్లీ పొడిగించుకోవచ్చు. ఐదేళ్లకే చేయించినదానికి ఆ అవకాశం లేదు, గడువు తీరితే రిజిస్ట్రేషన్ రద్దే. పునరుద్ధరణతో, రిజిస్ట్రేషన్ రద్దు చేయించినప్పుడు తిరిగి వచ్చే పార్ఫ్ రాయితీ కూడా పోతుంది. అందుకే అడిగిన ధరను సీఓఈలో మిగిలిన నెలలతో భాగించి చూడటమే నమ్మదగిన కొలత. పదేళ్లు దాటిన కారుకు రోడ్డు పన్ను మీద 10 శాతం అదనపు భారం పడుతుంది, అది ఏటా పెరిగి 50 శాతం దగ్గర ఆగుతుంది. తనిఖీ కూడా ఏటా తప్పదు.

పెట్రోలు గెట్జ్‌కు టైమింగ్ బెల్టు ఉంటుంది. మార్చిన రసీదు చూపకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగాలి. బెల్టు తెగితే ఇంజిన్ లోపలి భాగాలే దెబ్బతినవచ్చు. వారాంతాల్లో వుడ్‌ల్యాండ్స్‌ను మలేషియాతో కలిపే జొహోర్ కాజ్‌వే మీద బండ్లు కదిలీ కదలక నిలుస్తాయి. కాబట్టి ఏసీ వేసి, బండిని నిలిపి ఉంచి, ఉష్ణోగ్రత ముల్లు గమనించాలి. అది పైకెక్కితే ఆ బేరం వదులుకోవడమే మంచిది. సరిహద్దు దాటే సింగపూర్ కారు ట్యాంకు ముప్పావు వంతైనా నిండి ఉండాలి గనుక ఇంధన మీటరునూ సరిచూసుకోవాలి.