రాజుగారి నక్షత్రం, జాలరుల పడవలు

ఈ కథ మీకెక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. ఒకప్పుడు ఫార్వర్డు మెయిళ్ళలో తిరిగేది, ఇప్పుడు వాట్సాపులో తిరుగుతోంది. రెండో ప్రపంచయుద్ధంలో నాజీలు డెన్మార్కును ఆక్రమించుకుని, యూదులంతా బట్టల మీద పసుపుపచ్చ నక్షత్రం కుట్టుకోవాలని హుకుం జారీ చేశారట. మర్నాడు పొద్దున్నే డెన్మార్కు రాజు పదో క్రిస్టియన్ తన కోటు మీదే ఆ నక్షత్రం కుట్టించుకుని, గుర్రమెక్కి ఊళ్ళోకి వచ్చాడట. అది చూసి జనమంతా నక్షత్రాలు పెట్టేసుకున్నారట. ఎవరు యూదులో, ఎవరు కాదో తెలీక నాజీలు తెల్లమొహం వేశారట.

కథ బ్రహ్మాండంగా ఉంది. ఒక్కటే ఇబ్బంది, అలా జరగలేదు. డెన్మార్కులో యూదుల్ని నక్షత్రం పెట్టుకోమని నాజీలు ఏనాడూ ఆజ్ఞాపించలేదు. అలాంటి ఆజ్ఞే గనక వస్తే మనమందరం పెట్టుకోవడమే మంచిదని రాజు 1941లో తన డైరీలో రాసుకున్న మాట మాత్రం నిజం. మిగతాదంతా యుద్ధకాలపు పత్రికలూ, ఆ తర్వాత లియాన్ యూరిస్ రాసిన 'ఎక్సొడస్' నవలా ప్రచారం చేసిపెట్టాయి.

కథ అబద్ధమైతే పోనీలే అనుకోవచ్చు. నా బాధ అది కాదు. ఈ అబద్ధం దాని వెనకున్న నిజాన్ని మింగేసింది. ఆ నిజంలో గుర్రాలూ లేవు, కిరీటాలూ లేవు. ఓ అంబులెన్సు డ్రైవరూ, కొందరు డాక్టర్లూ నర్సులూ, ఒక బుక్ బైండరూ, చేపలు పట్టుకునేవాళ్ళూ ఉన్నారు. అందుకే కాబోలు అంతగా ఫార్వర్డు కాలేదు!

అసలు కథకొద్దాం. 1940 ఏప్రిల్ 9న జర్మన్లు డెన్మార్కులోకి దిగారు. కొద్ది గంటల్లోనే డెన్మార్కు చేతులెత్తేసింది. దానికి బదులుగా సొంత ప్రభుత్వం, సొంత పోలీసులు, సొంత కోర్టులు మిగిలాయి. జర్మనీకి వెన్నా, మాంసమూ వెళ్ళేవి, ఇక్కడి యూదుల జోలికి ఎవరూ వచ్చేవారు కాదు. వీరగాథకు పనికొచ్చే మొదలేమీ కాదు ఇది. 1943 వేసవికి సమ్మెలూ, విధ్వంసాలూ ముదిరాయి. ఆగస్టు 29న ప్రభుత్వం తప్పుకుంది, జర్మన్లు సైనిక పాలన పెట్టారు. దాంతో యూదులకున్న అడ్డుగోడ కూలింది.

ముహూర్తం అక్టోబరు 1 రాత్రికి పెట్టారు. యూదుల కొత్త సంవత్సరం రోజులు, అందరూ ఇళ్ళలోనే ఉంటారన్నది లెక్క. ఆ సంగతి బయటపెట్టినవాడు సాక్షాత్తూ ఓ జర్మన్. పేరు గెయోర్గ్ డుక్‌విట్జ్, కోపెన్‌హాగెన్‌లో జర్మన్ రాయబార కార్యాలయంలో నౌకావాణిజ్య వ్యవహారాలు చూసేవాడు, నాజీ పార్టీ సభ్యుడు కూడా. సెప్టెంబరు 28న తనకి తెలిసిన డేనిష్ నాయకుల దగ్గరికెళ్ళి విషయం చెప్పేశాడు. వాళ్ళ ద్వారా అది యూదుల పెద్దలకు చేరింది. మర్నాడు పొద్దున రబ్బీ మెల్కియోర్ ప్రార్థన ఆపించి, వచ్చినవాళ్ళందరికీ ఒక్కటే చెప్పాడు: ఇళ్ళలో ఉండకండి, మీకు తెలిసినవాళ్ళకి చెప్పండి.

ఇక్కడినుంచి చూడండి. పై నుంచి ఆర్డరు లేదు, ప్లాను లేదు, నాయకుడూ లేడు. యోర్గెన్ క్నూడ్సెన్ అనే కుర్ర అంబులెన్సు డ్రైవరుకి ఈ సంగతి తెలిసింది. అతనికి యూదులెవరూ పెద్దగా తెలీదు. టెలిఫోను డైరెక్టరీ తీసుకుని, యూదుల పేర్లలా అనిపించిన వాటికల్లా గీతలు పెట్టి, అంబులెన్సేసుకుని ఇంటింటికీ తిరిగాడు. ఎక్కడికెళ్ళాలో తోచక బెంబేలెత్తిపోయినవాళ్ళని బిస్పెబ్యర్గ్ ఆసుపత్రికి తీసుకెళ్ళి దించాడు. అక్కడి డాక్టర్లు వాళ్ళకి మారుపేర్లతో కేసు షీట్లు రాసి పేషెంట్లుగా చేర్చుకున్నారు. నర్సులు తమ క్వార్టర్సులో చోటిచ్చారు. ఆసుపత్రి చాపెల్‌కి శవయాత్రకొచ్చినట్టు జనం వచ్చేవాళ్ళు, ఆ శవయాత్ర టాక్సీల్లోనే సముద్రం వైపు వెళ్ళిపోయేది.

అక్టోబరు 1 రాత్రి నాజీలు తలుపులు కొట్టేసరికి చాలా ఇళ్ళు ఖాళీ. మూడొందల లోపే దొరికారు. మర్నాడు స్వీడన్, వచ్చినవాళ్ళందర్నీ తీసుకుంటామని ప్రకటించింది. మధ్యలో ఉన్నది ఓరెసుండ్ జలసంధి. హెల్సింగోర్ దగ్గర దాని వెడల్పు నాలుగు కిలోమీటర్లే, ఒడ్డున నించుంటే అవతలి దేశం దీపాలు కనిపిస్తాయి. ఆ దగ్గర్లోనే జర్మన్ గస్తీ పడవలూ ఉండేవి. హెల్సింగోర్‌లో ఒక బుక్ బైండరూ, ఒక పత్రికా విలేఖరీ, ఒక పోలీసు ఉద్యోగీ, ఇంకొందరూ కలిసి ఓ ముఠా కట్టి దానికి 'కుట్టుపని సంఘం' అని పేరెట్టారు. మెరైన్ ఇంజనీర్లు కారు, నావికులు కారు. ఆ బుక్ బైండరు ఎర్లింగ్ కియేర్ మోటారు బోటు నడుపుతూ జనాన్ని దాటించి, చివరికి 1944 మేలో పట్టుబడ్డాడు. చేపల పడవల అడుగున జనాన్ని కుక్కి పైన వలలు కప్పేవారు. పసిపిల్లలు ఏడవకుండా డాక్టర్లు మత్తు ఇంజెక్షన్లిచ్చేవారు.

అలా కొద్ది వారాల్లో సుమారు 7,200 మంది యూదులు, వాళ్ళ కుటుంబాల్లోని యూదులు కానివాళ్ళు ఇంకో 700 మంది దాకా, స్వీడన్ చేరారు. అటూ ఇటూ కలిపి 470 మంది వరకూ పట్టుబడి టెరిజియన్‌స్టాట్ క్యాంపుకెళ్ళారు. దాటుతూ ఇరవై మందికి పైగా మునిగిపోయారు. గిల్లెలైయ అనే జాలరి ఊళ్ళో చర్చి అటక మీద దాక్కున్న దాదాపు 80 మంది ఒక్క రాత్రిలో దొరికిపోయారు, ఎవరో ఉప్పందించారు. అంటే దేశమంతా దేవతలేం కాదు.

ఇప్పుడు అందరూ ఎత్తిచూపే విషయానికొద్దాం. జాలర్లు డబ్బు తీసుకున్నారు. అవును, తీసుకున్నారు. సగటున తలకి వెయ్యి క్రోనర్ల దాకా, అంటే పనితనమున్న కార్మికుడి రెండు నెలల జీతం కన్నా ఎక్కువే. మొదటి రోజుల్లో అంతకంటే బాగా ఎక్కువ గుంజినవాళ్ళూ ఉన్నారు. తర్వాత సంఘాలేర్పడి, చందాలు పోగుచేసి, ధరలు దించి, లేనివాళ్ళకీ దారి చూపించారు. "డబ్బు తీసుకున్నాక ఇంక త్యాగమేంటి?" అంటారు కొందరు. నాకలా అనిపించదు. జాలరికి పడవే పొలం, పడవే బ్యాంకు. అది జప్తయితే ఇంటిల్లిపాదీ రోడ్డున పడతారు. నెలనెలా జీతం ఎకౌంట్లో పడే మనం, వెయ్యి క్రోనర్లకు ప్రాణాన్నీ పడవనీ ఒడ్డినవాణ్ణి పట్టుకుని బేరమాడాడంటే ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఇంకో వాదన కూడా ఉంది. డెన్మార్కులో ఉన్న జర్మన్లు అంత గట్టిగా వెతకలేదనీ, చాలామంది చూసీ చూడనట్టు ఊరుకున్నారనీ చరిత్రకారులంటారు. అది నిజమే. 1943 చివరికి జర్మనీ ఓడుతున్న వైపుకు జారింది కూడా. పక్కనే ఉన్న నార్వేకి స్వీడన్‌తో భూసరిహద్దే ఉంది, అయినా 1942లో అక్కణ్ణుంచి వందల మందిని పట్టుకెళ్ళారు. కాలం, దూరం, శత్రువు మూడ్ అన్నీ కలిసొచ్చాయి, ఒప్పుకోవాల్సిందే. కానీ ఒక్కమాట. జర్మన్లు మెతగ్గా ఉంటారన్నది మనకి ఇవాళ, పుస్తకాలు చదివాక తెలిసింది. అక్టోబరు మొదటివారంలో చీకట్లో పడవ తాడు విప్పుతున్నవాడికి తెలీదు. దొరికితే జైలో, కాల్పులో, క్యాంపో అతనికి తెలీదు. ధైర్యాన్ని కొలవాల్సింది ఆ రాత్రి వాడికి తెలిసినదాంతో గానీ, డెబ్భై ఎనభై ఏళ్ళ తర్వాత మనకి తెలిసినదాంతో కాదు.

మన భాషలో చెప్పాలంటే ఈ వ్యవస్థలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ లేదు. ఎవడికీ మొత్తం బొమ్మ తెలీదు. డ్రైవరు చేసింది డ్రైవింగే, నర్సు చేసింది నర్సు పనే, జాలరి నడిపింది తన పడవే. తమ వృత్తి తమకిచ్చిన దాన్నే ఓ పక్కకి తిప్పారు, అంతే. వాళ్ళ పని దాదాపు రోజూ చేసే పనే, ప్రమాదం మాత్రం కొత్తది.

రాజుగారి కథ మనకెందుకంత నచ్చుతుందో నాకిక్కడ అర్థమవుతుంది. ధైర్యమంటే రాజు చేసేదైతే మనకి పూచీ లేదు. మనం చూసి చప్పట్లు కొట్టి ఫార్వర్డ్ చేస్తే చాలు. "మనవల్ల ఏమవుతుంది సార్" అనడానికి అదో మంచి వెసులుబాటు. డైరెక్టరీలో గీతలు పెట్టుకున్న అంబులెన్సు డ్రైవరు కథ ఆ వెసులుబాటు ఇవ్వదు. ఆ డైరెక్టరీ అప్పట్లో ఊళ్ళో ఎన్నో ఇళ్ళలో ఉంది.

పట్టుబడి క్యాంపుకెళ్ళిన ఆ 470 మందినీ ఈ దేశం మర్చిపోలేదు. డేనిష్ అధికారులు వాళ్ళ గురించి జర్మన్లని అడుగుతూనే ఉన్నారు, పార్సెళ్ళు పంపుతూనే ఉన్నారు. ఎక్కువమంది 1945 ఏప్రిల్లో ప్రాణాలతో బయటపడ్డారు. స్వీడన్ నుంచి తిరిగొచ్చినవాళ్ళలో చాలామందికి ఇళ్ళు ఉన్నవి ఉన్నట్టే దొరికాయి. అందరికీ కాదు, చాలామందికి.

యూదుల్ని కాపాడినవాళ్ళని జెరూసలేంలోని యాద్ వాషెం స్మారక సంస్థ పేరుపేరునా గౌరవిస్తుంది. డుక్‌విట్జ్‌కి 1971లో ఆ గౌరవం దక్కింది. డెన్మార్కు రహస్యోద్యమం వాళ్ళు మాత్రం ఒక విన్నపం చేశారు: మమ్మల్ని విడివిడిగా కాదు, అందర్నీ కలిపి ఒకే గుంపుగా రాసుకోండి అని. అందుకే ఇప్పటికీ ఆ జాబితాలో డేనిష్ రహస్యోద్యమం అంతటికీ కలిపి ఒక్క పద్దే ఉంది. ఈసారి ఆ గుర్రం మీద రాజు కథ ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే, తిరుగు టపాలో ఈ కథ పంపండి.