తెలుగు నలుపు-తెలుపు అపరాధ పరిశోధన చిత్రాలు

నేరం, మారువేషం, పరిశోధన ప్రధానాంశాలుగా 1960లలో వచ్చిన తెలుగు చలనచిత్రాల శాఖ ఇది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు అప్పటికే పాఠకులను ఈ రుచికి అలవాటు చేశాయి. వి.మధుసూదనరావు దర్శకత్వం వహించిన ‘లక్షాధికారి’ (1963), తాపీ చాణక్య తీసిన ‘సి.ఐ.డి.’ (1965) రెండింటిలోనూ ఎన్.టి.రామారావు నాయకుడు.

శాఖను మలుపు తిప్పినది ‘గూఢచారి 116’ (1966). ‘తేనె మనసులు’ (1965)లో కృష్ణ చేసిన స్కూటర్ సాహసం చూసి నిర్మాత డూండీ ఆయనను ఎంచుకున్నారు. ఎం.మల్లికార్జునరావు దర్శకుడు; జయలలిత నాయిక. దీనితో కృష్ణకు ‘ఆంధ్రా జేమ్స్‌బాండ్’ అన్న పేరు స్థిరపడింది.

రంగులు లేకపోవడం ఈ కథలకు లోటు కాలేదు: సగం ముఖం చీకట్లో ఉంచే దీపాలంకరణే అనుమానాన్ని పెంచేది. హంతకుడెవరో తెలిశాక కూడా ఇవి చూడదగినవిగా నిలవడానికి పాటలు, కుటుంబ సంఘర్షణ ముఖ్య కారణాలు; ఉదాహరణకు, ‘సి.ఐ.డి.’లో పోలీసు అధికారి వెంటాడే నేరస్థుడు అతని కన్నతండ్రే.