మెట్టదారులు, జీపు కమానులు

ఉమ్మడి కృష్ణామండలమనగానే కాలువగట్లును, పడవలును, వరిచేలును స్ఫురించుట సహజమే గాని, అది పల్లపుసీమ సంగతి. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు మెట్టవాసికి ప్రయాణమనిన డొంకదారియే. మునేటి ఇసుక, చేల నడుమ వానకు జిగటయై ఎండకు రాయియగు నల్లరేగడి గాడి, జగ్గయ్యపేట పరిసరముల సున్నపురాతి నేల, ఈ మూడును చక్రమునకు మూడు పరీక్షలు. బేతవోలను పల్లెను వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేరిట పేటగా నిర్మించిన కాలమున ఈ దారుల సరకు మోసినది రెండెడ్ల బండి. దానికి కమానులు లేవు. ఇరుసుపైననే బండితట్ట కూర్చుండుటచే, గతుకు దెబ్బ యావత్తును లోపలివాని నడుము భరింపవలసివచ్చెడిది. క్రింద పరచిన వరిగడ్డియే ఉన్నంతలో ఉపశమనము.

ఉక్కుపట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ బోల్టుతో బిగించి, వాహనభారమును వాని వంపుపై నిలుపు కమానుల విద్య ఇంగ్లండు గుర్రపుబండ్లలో పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ప్రబలి, తరువాత జట్కాబండితో మన పట్టణముల కెక్కినది. బండిచక్రమునకు ఇనుపకట్టు ఎక్కించుటలో ఆరితేరిన కమ్మరికి కమానుపట్టీ పరాయిది కాలేదు. నా ఊహలో జీపు మరమ్మతుచరిత్ర ఇక్కడనే మొదలగును, జీపు పుట్టుటకు ఎంతో పూర్వమే.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప, మిగిలిన సైనికపు జీపులు డిస్పోజలు సరకుగా అమ్ముడుపోయినవి. 1947లో మహీంద్రావారు బొంబాయిలో విల్లీస్ జీపులను బిగింప నారంభించిరి. మరుసటి యేడు సెప్టెంబరు 13న హైదరాబాదుపై పోలీసుచర్య మొదలైనపుడు, బెజవాడ దిక్కునుండి సేన కదలినది ఈ మెట్టప్రాంతపు దారినే. తరువాత 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి ప్రణాళికలు రాగా బ్లాకు అధికారికి జీపు దక్కినది. బ్లాకు జీపు ఊరిలోనికి వచ్చిన నాడు పిల్లలు దాని వెంట పరుగిడిరనుట వేరుగ చెప్పనక్కరలేదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలువరకును, ఎడమకాలువ సాగవలసిన మెట్టలలో కొలతలకును, పనుల తనిఖీకిని దారిలేని చోట్ల కేగిన బండి జీపే.

అట్టి దారులలో ముందుగా అలసిపోవునది కమాను. ఏండ్ల తరబడి బరువు మోసి పట్టీల వంపు చదునగును. బండి ఒక ప్రక్కకు ఒరగును. నడుమ బోల్టు తెగినచో ఇరుసు వెనుకకు జరిగి, జీపు తిన్నగా పోవుచున్నట్లే యుండియు పక్కవాటముగా నడచును. అప్పుడు కమ్మరి కట్ట విప్పి, పట్టీలను వరుస తప్పకుండ నేలపై పరచి, విఱిగినదానిని తీసివేసి, తక్కినవానిని నడుమ గుంటగల దాగలిపై వంపు లోపలిప్రక్క పైకి వచ్చునట్లుంచి, సమ్మెటతో అంగుళ మంగుళముగా కొట్టుచు, ఒక పట్టీ వంపు మఱియొకదాని వంపుతో కలియువరకు సరిచూచును. కంటికొలతయే కొలబద్ద. సైనికపు విల్లీస్‌లో ముందు ఎడమ కమానును కుడిదానికంటె బిరుసుగా చేసి, తోడుగా మఱియొక పొట్టి కమాను నుంచిరి. రెండును ఒకటే యనుకొని తారుమారు చేసినవాని బండి ఎన్నడును సమముగా నిలువలేదు.

ఇక గతుకు దెబ్బ తగిలిన తరువాత కమాను ఊగుచుండుటను ఆపునది షాక్ అబ్జార్బరు. గొట్టములోని నూనె సన్నని రంధ్రములగుండ పోవుచు ఊపును వేడిగా మార్చును. ఇది మూతబిగించిన యంత్రము. కొలిమికిని సమ్మెటకును లొంగదు. గొట్టముపై నూనెచెమ్మ కనబడినను, బండి మూలను గట్టిగా నొక్కి వదలినప్పుడు అది ఒకసారి లేచి ఆగక మఱల మఱల ఊగినను, మార్చుటయే గతి. చాలమంది చాలకాలము మార్చలేదు. తుప్పును దుమ్మును పట్టిన పట్టీలు ఒకదానినొకటి ఒరసికొనుటచే ఊపు కొంత తగ్గెడిది గనుక, చెడిన షాకుల లోపము మఱుగుపడెడిది. పట్టీలు శుభ్రపఱచి గ్రీజు పెట్టిన నాడే బండి కుప్పిగంతులు వేయుట బయటపడెడిది. మఱి కొందఱు అదనముగా ఒక పట్టీ చేర్చి గట్టిపఱచినామని మురిసిరి. దానివలన బరువు మోయుట పెరుగునేమో గాని, కమాను మ్రింగవలసిన దెబ్బ ఛాసిస్‌కు చేరి, అతుకులకడ నెఱ్ఱెలు వచ్చును. నా మట్టుకు ఇది మరమ్మతు కాదు, వాయిదా.

1960ల దశకమున విజయవాడలో జవహర్ ఆటోనగరు వెలసిన పిదప, నందిగామకు ఇంచుమించు 50 కిలోమీటర్ల దూరముననే కమానుకట్టలు, షాకులు, కమాను కొనను పట్టియుంచు షాకిళ్లు, బుష్షులు అన్నియు దొరకసాగినవి. కొలిమి చెంతకు పోవు పనిలో సగము దుకాణమునకు తరలినది. అయినను పాతజీపు తెలిసిన మేస్త్రి కొత్త షాకులు మాత్రమే వేసి పంపడు: బుష్షులు అరిగినచో చక్రము కంపించును, షాకిలు వదులైనచో స్టీరింగు తిన్నగా నిలువదు, కనుక అన్నియు ఒక్కసారే విప్పి చూచును. కమానును ఇరుసునకు బిగించు పాత యూబోల్టులు సాగియుండును గనుక మఱల బిగింపడు. కొత్తవి వేసి, కొంత దూరము నడిపిన పిమ్మట మఱల బిగించును.

2010లో వచ్చిన మహీంద్రావారి థారు జీపున ముందు కమానులకు బదులు టార్షన్‌ బార్లు వచ్చి, వెనుక మాత్రము కమానులు మిగిలినవి. 2020లో వచ్చినదానిలో నాలుగు మూలలను కాయిల్ స్ప్రింగులే. కమాను విఱిగిన జీపు నేటికిని జగ్గయ్యపేట వైపు అడపాదడపా కనబడును. దాని పట్టీ అతికించువాడు లేకపోలేదు గాని, వానికి బండ్లు తగ్గినవి.