ఒకే చదువుకు రెండు గుమ్మాలు

పల్నాటి నరసరావుపేటలో పెద్ద చదువుల మాట వస్తే ముందు ఎస్.ఎస్.ఎన్. కాలేజీ పేరు వినిపిస్తుంది. శ్రీ సుబ్బరాయ అండ్ నారాయణ కళాశాల 1950లో పుట్టింది. పాఠం చెప్పేది ఊళ్లోనే అయినా పట్టా మాత్రం నాలుగొందల కిలోమీటర్ల అవతల, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి రావాలి. ఆ దూరం 1967లో తగ్గడం మొదలైంది. ఈ ప్రాంతంవాడే అయిన కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరులో పీజీ కేంద్రం తెరిచింది. నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలిందీ ఆ ఏడాది ఆగస్టులోనే. మెట్ట పొలాలకు నీళ్లొచ్చి పత్తి, మిరప పండకపోతే ఇంత మంది రైతులు పిల్లల్ని కాలేజీకి పంపగలిగేవారా అన్నది అనుమానమే. ఆ పీజీ కేంద్రమే 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైంది. పేరు పల్నాటి నాగార్జునకొండది, ప్రాంగణం గుంటూరు-విజయవాడ దారిలో. పేరిచ్చిన సీమకు క్యాంపస్ దక్కలేదు, అనుబంధ కాలేజీలు దక్కాయి. ఏమైనా సైన్సూ లెక్కలూ ఈ దారినే పల్నాటి గడప తొక్కాయి. 1998లో నరసరావుపేట ఇంజనీరింగ్ కాలేజీ, 2016లో అదే ఊళ్లో కాకినాడ జేఎన్‌టీయూ వారి కాలేజీ వచ్చాక లెక్కలకు గిరాకీ ఇంకా పెరిగింది.

నర్సింగ్ వచ్చిన దారి వేరు. 1883లో గుంటూరు చేరిన అమెరికన్ లూథరన్ డాక్టరు ఆనా కుగ్లర్ మొదట డిస్పెన్సరీ నడిపి, 1898లో ఆసుపత్రి తెరిచారు. నర్సుల శిక్షణ అక్కడ వార్డుల మధ్యే పెరిగింది. పరాయివాళ్ల ఒళ్లు తుడవడం, మలమూత్రాలు ఎత్తడం మైల పని అనుకున్న ఇళ్లవాళ్లు తమ ఆడపిల్లల్ని పంపలేదు. మిషన్ బడుల్లో చదివిన క్రైస్తవ బాలికలు, అందులోనూ దళిత కుటుంబాలవాళ్లు, ముందుకొచ్చారు. ఆ పని ముట్టనివాళ్లే తర్వాత దాన్ని ‘సేవ’ అని పొగిడి, చదువు అనడం మాత్రం మానేశారు. 1946లో దేశ ఆరోగ్య సేవలను పరిశీలించిన భోర్ కమిటీ నర్సింగ్‌కు డిగ్రీ ఉండాలని చెప్పింది. ఆ ఏడాదే ఢిల్లీ, వెల్లూరుల్లో బీఎస్సీ నర్సింగ్ మొదలైంది. గుంటూరు మెడికల్ కాలేజీ పుట్టిందీ అప్పుడే. అయినా మన జిల్లాల్లో చాలాకాలం నర్సు అంటే హాస్టల్లో ఉండి డిప్లొమా చేసే అమ్మాయే.

ఈ రెండు దారులూ కలవాల్సిన చోటు ప్రాంతీయ విశ్వవిద్యాలయం. కలవకముందే 1986 నవంబరులో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడి, వైద్యంతోపాటు నర్సింగ్ కూడా దాని కిందికి వెళ్లింది. ఫార్మసీ మాత్రం నాగార్జునలో ఉంది. మందు తయారుచేసే చదువు ఒకచోట, ఆ మందు రోగికి ఎక్కించే చదువు మరోచోట! నా వాదన ఇదే: ఈ విభజనకు కారణం పరిపాలన, శాస్త్రం కాదు. నర్సు పనిలో శాస్త్రం ఎంతుందో ఒక ఉదాహరణ చూడండి. అర లీటరు సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కించమని డాక్టరు రాస్తాడు. మామూలు డ్రిప్ సెట్‌లో మిల్లీలీటరుకు 20 చుక్కలు. అంటే 240 నిమిషాల్లో 10,000 చుక్కలు పడాలి, నిమిషానికి దాదాపు 42. పసిపిల్లలకు వాడే మైక్రో సెట్ అయితే మిల్లీలీటరుకు 60 చుక్కలు. ఏ సెట్టో చూసుకోకుండా లెక్క కడితే మూడింతల తేడా. ఈ లెక్క కట్టాల్సిన అమ్మాయి ఇంటర్‌లో బైపీసీ, లెక్కల్ని పదో తరగతితోనే వదిలేసింది. బైపీసీకి లెక్కలు కలిపిన ఎంబైపీసీని ఇంటర్ బోర్డు తెచ్చింది 2025-26లో, ఇంత ఆలస్యంగా.

ఈ వాదనకు రెండు అభ్యంతరాలున్నాయి. రాష్ట్రమంతటికీ ఒకే పరీక్ష, ఒకే ప్రమాణం ఉండాలంటే ప్రత్యేక విశ్వవిద్యాలయం తప్పదంటారు. నిజమే, పరీక్షల మట్టుకు అది మేలు చేసింది. కానీ ప్రశ్నపత్రం విజయవాడలో తయారైతే మైక్రోబయాలజీ ల్యాబ్ కూడా వేరే ఉండాలని ఎక్కడుంది? బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో శరీరధర్మశాస్త్రం, జీవరసాయనం, సూక్ష్మజీవశాస్త్రం, గణాంకశాస్త్రం అన్నీ ఉన్నాయి. వీటిని ఏళ్ల తరబడి బోధించినవాళ్లు డిగ్రీ కాలేజీల్లోనే ఉన్నారు. నర్సింగ్ వార్డులో నేర్చుకునే విద్య, తరగతి గదిది కాదన్నది రెండో మాట. ఇది మరింత బలమైనది. ఆసుపత్రి లేని నర్సింగ్ కాలేజీ కాగితం కాలేజీయే, అందుకే నర్సింగ్ కౌన్సిల్ మాతృ ఆసుపత్రి ఉండాలంటుంది. అయితే వార్డు చేతికి పని నేర్పుతుంది. మోతాదు ఎందుకు మారిందో చెప్పే వ్యవధి అక్కడ ఎవరికీ ఉండదు. డాక్టరు చదువుకు సైన్సు పునాది కావాలని అడక్కుండానే ఒప్పుకున్నవాళ్లు నర్సు దగ్గరికి వచ్చేసరికి అనుభవం చాలంటారు. ఈ తేడాలో పాత మైల వాసన ఇంకా పోలేదు.

పల్నాడు 2022లో నరసరావుపేట కేంద్రంగా జిల్లా అయింది. పిడుగురాళ్లలో ప్రభుత్వ వైద్య కళాశాలకు 2021లోనే శంకుస్థాపన జరిగింది. దాని పక్కన నర్సింగ్ కాలేజీ వచ్చేనాటికి రెండు విశ్వవిద్యాలయాలూ ఒక్క ఒప్పందం రాసుకుంటే చాలు: సైన్సు, గణాంక పాఠాలు జిల్లా డిగ్రీ కాలేజీల అధ్యాపకులు చెప్పాలి, ఆ మార్కులను ఆరోగ్య విశ్వవిద్యాలయం ఒప్పుకోవాలి. అడగాల్సింది జిల్లా ప్రజాప్రతినిధులు. అడిగించాల్సింది మనం.